అద్దకం మేస్త్రి చేతులు

అద్దకం మేస్త్రి చేతులు మోచేతుల దాకా నీలం. నలభై ఏళ్లు నీలిమందు తొట్టిలో గుడ్డలు ముంచి తీసిన చేతులవి. ఆయన ఏట్లో స్నానానికి దిగితే కింది ఊళ్లలో బర్రెలు కూడా నీలంగా తేలతాయని గిట్టనివాళ్లు అంటారు. శుద్ధ అబద్ధం. ఆయన చేతిలో పట్టిన రంగు చచ్చినా వదలదు.

పనికి వెళ్లే దారిలో ఉన్న అద్దాల కాఫీ షాపును ఆయన ఇల్లాలు ఇరవై ఏళ్లుగా మెడ తిప్పి చూస్తూనే నడిచింది. ఒక్కసారి ఆ కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగాలని ఆమె కోరిక. మర్నాడు ఆమె మోకాళ్లకు ఆపరేషన్. ఆ తర్వాత ఎన్ని నెలలు మంచం మీద ఉండాలో ఎవరూ చెప్పలేదు. అందుకని ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరారు.

కిటికీ పక్కన కూర్చున్నారో లేదో మేనేజరు ఊడిపడ్డాడు. వచ్చినవాళ్లందరికీ "రండి సార్" అంటూ వంగి వంగి నడుము అరగదీసుకున్న మనిషి, మేస్త్రిని చూడగానే గునపంలా నిటారుగా అయిపోయాడు.

"ఓయ్, ఆ చేతులేంటి? బల్ల మీద పెట్టకు. వెళ్లి కడుక్కుని రా."

మేస్త్రి కడుక్కుని వచ్చాడు.

"సబ్బుతో కడుక్కోమన్నాను!"

ఇల్లాలి ముఖం చూసి మేస్త్రి కోపం దిగమింగుకున్నాడు, మళ్లీ వెళ్లాడు. సబ్బు అరిగి చింతాకంత అయింది, కుళాయికి ఆయాసం వచ్చింది. నీలం మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె లేచి నిలబడి ఉంది. అందరి ముందూ పింగాణీ కప్పులు. ఆమె చేతిలో రెండు కాగితం కప్పులు.

"బయట మెట్ల మీద తాగమంటున్నాడయ్యా. పోనీలే, పద."

ఆ "పోనీలే"తో మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నెత్తి మీద గిన్నె పెడితే షాపు మొత్తానికీ పాలు కాగేవి.

"ఏం పోనీలే? నువ్వు కూర్చోవే! ఏమయ్యా మేనేజరూ, ఇలా రా!"

"అరవకు. నీ రంగు కుర్చీలకి అంటుకుంటే ఎవడు తుడుస్తాడు?"

రంగు నిలిచిందో లేదో తేల్చడానికి అద్దకంవాళ్లు తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తారు. గుడ్డకు అంటితే ఆ సరుకు గడప దాటదు. మేస్త్రి బల్ల మీది తెల్ల చేతిగుడ్డ లాగి, నీళ్లలో ముంచి, అరచేతిని పదిసార్లు రుద్ది పైకెత్తాడు. గుడ్డ మల్లెపువ్వులా ఉంది. అదే గుడ్డతో మేనేజరు నల్ల ఏప్రాన్‌ను ఒక్కసారి రుద్దాడు. గుడ్డ బొగ్గుల గంపలోంచి తీసినట్టయింది.

"అంటేది నా చెయ్యి కాదు, నీ బట్ట! పోయి మెట్ల మీద నిలబడు!"

షాపంతా ఘొల్లున నవ్వింది. మేనేజరు ముఖం మాడిపోయింది.

"తప్పయిపోయింది సార్. మురికి అనుకున్నాను," అంటూ పింగాణీ కప్పులు తెచ్చి పెట్టాడు.

అక్కడితో చల్లారాల్సిన కోపం ఆ మాటతో రెండింతలైంది.

"మురికే అనుకో! బురదలోంచే లేచి వచ్చాననుకో! అయితే? బురదలో పని చేసేవాడికి దాహం వెయ్యదా? వాడి పెళ్లానికి కాళ్లు పీకవా?"

నవ్వినవాళ్లు కప్పుల్లోకి తలలు దించుకున్నారు.

"లేవే! ఈ షాపులో మంచినీళ్లు కూడా ముట్టొద్దు."

"నేను లేవను," అంది ఇల్లాలు. "నీ కోపం నువ్వు మోసుకో. రేపట్నుంచి నాకు మంచమే గతి. ఈ మేనేజరు మొహం చూసి నా కాఫీ వదులుకుంటానా?"

ఆమె కప్పు అందుకుంది. చెంపలు ఎర్రగా కందిపోయాయి. అయినా కప్పు దించలేదు. వీధిని చూస్తూ గుటక గుటకా తాగింది. మేస్త్రి తన కప్పు ముట్టలేదు. చేతులు రెండూ బల్ల మీద బార్లా పరిచి, మేనేజరునే చూస్తూ కూర్చున్నాడు.

"ఎలా ఉందే?" అన్నాడు చివరికి, పళ్ల సందునుంచి.

"చేదు," అంది. "ఇంకోటి తెమ్మను."