పరిచయం చేసే తోడికోడళ్ళు

కొత్త పిల్లలు చేరే వారమంతా తోడికోడళ్ళిద్దరూ పొద్దున్న ఎనిమిదింటికల్లా యూనివర్సిటీ గేటు దగ్గర ఉండేవాళ్ళు. వచ్చినవాళ్ళకి యూనివర్సిటీనీ, దాని చుట్టూ ఉన్న ఊరినీ పరిచయం చెయ్యడం వాళ్ళ ఉద్యోగం. పెద్దావిడది ఇరవై ఏళ్ళ సర్వీసు. ఏ భవనం ఏ ఏడు కట్టారో, హాస్టల్ నుంచి స్టేషన్‌కి ఏ నంబరు బస్సో తడుముకోకుండా చెప్పేది. చిన్నావిడ చేరి ఏడాదే. అంకె ఒక్కటీ గుర్తుండదు. కానీ ఆవిడ "అదిగో మన లైబ్రరీ, వానాకాలం కిటికీ పక్క కుర్చీ కోసం కొట్టుకుంటారు" అనగానే లైబ్రరీ నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడేది. సాయంత్రం తోటమాలులు దాన్ని వెనక్కి నెట్టేవాళ్ళు. పూలకుండీలు పగులుతున్నాయని గొణుక్కునేవాళ్ళు, అంతే.

పెద్దావిడ మాటకి ఇరవై ఏళ్ళలో సైకిల్ స్టాండు కూడా కదల్లేదు. చిన్నావిడ వంటని తన మొగుడే మెచ్చుకున్నా పెద్దావిడ ఓర్చుకుంది గానీ, ఇది మాత్రం ఆమెకు తీరని కడుపుమంట.

ఈసారి ఇద్దరిలో ఒకరినే పర్మనెంటు చేస్తామన్నారు. రెండో మనిషి ఇంటికి వెళ్ళాల్సిందే. రిజిస్ట్రార్ స్వయంగా చూడ్డానికి వస్తున్నాడని తెలిసి పెద్దావిడ ముందే వాటాలు వేసేసింది.

"యూనివర్సిటీ నేను చెప్తా. నువ్వు ఊరి సంగతి చెప్పు చాలు. గేటు దాటి లోపలికి రాకు."

"సరే అక్కా," అంది చిన్నావిడ.

అంత ఊరు ఎక్కడ కదులుతుందిలే అని పెద్దావిడ ధీమా. చిన్నావిడ గేటు దగ్గర నిలబడి కూరగాయల బజారు గురించీ, దర్జీల వీధి గురించీ చెప్తుండగానే బజారు బజారంతా అక్కడికి వచ్చేసింది. తూకం వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు. పోస్టాఫీసు కాస్త వెనకబడ్డా వచ్చి చేరింది. రిజిస్ట్రార్ అరకిలో టమాటాలు కొనుక్కున్నాడు.

"ఇక మీ వంతమ్మా," అన్నాడు సంచీ సర్దుకుంటూ.

పెద్దావిడకి ఒక్క ఏడూ గుర్తు రాలేదు. ఎదురుగా పిల్లలు కొత్త నోటుపుస్తకాలు పట్టుకుని చూస్తున్నారు.

"ఇరవై ఏళ్ళుగా ఈ గదులు అందరికీ చూపిస్తున్నా," అంది. "ఒక్కరోజూ ఏ బెంచీ మీదా కూర్చోలేదు. అప్పట్లో నాకూ సీటొచ్చింది, ఇంట్లో పంపలేదు. మీరు లోపలికెళ్తుంటే నాకు కుళ్ళు. ఇదిగో, మా తోడికోడలు, దీన్ని చూసినా కుళ్ళే. ఇంతకన్నా నా దగ్గర చెప్పడానికేం లేదు."

చిన్నావిడ తల దించుకుంది. అప్పుడు పై అంతస్తులోని చరిత్ర క్లాసు గది మెట్లు దిగి, పచ్చిక దాటి వచ్చి పెద్దావిడ ముందు ఆగింది. తలుపు తీసే ఉంది. లోపల మేష్టారు చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వస్తారా, తలుపు వేసెయ్యమంటారా?" అన్నాడు.

"వెళ్ళక్కా, ఇక్కడ నేను చూసుకుంటా," అంది చిన్నావిడ.

చూసుకుంటావనేగా నా ఏడుపు అనుకుంటూనే పెద్దావిడ లోపలికి అడుగుపెట్టింది. రిజిస్ట్రార్ కాగితం మీద చిన్నావిడ పేరు రాయడం కిటికీలోంచి కనబడింది. ఇంకాసేపు చూసేదేమో గానీ, పక్కన కూర్చున్న పిల్ల అప్పటికే రెండు పేజీలు రాసేసింది. పెద్దావిడ దానివైపు గుర్రుగా చూసి, పెన్నొకటి అడిగి తీసుకుంది.