రెండు చేతుల కొక్కెం

షెడ్డులో అందరూ ఆమెను పిరికమ్మ అంటారు. బల్లి కనిపిస్తే బల్ల ఎక్కే మనిషి. ఆ మధ్యాహ్నం తన వదిన షెడ్డు వెనక సరుకు కాల్చే గొయ్యి గట్టున కుప్పకూలడం ఆమె కళ్లారా చూసింది. చూసి కూడా చేతిలో బట్టల కోత ఆపలేదు. ఆపే ధైర్యం లేదు.

అది వాపసు సరుకు షెడ్డు. జనం ఫోన్‌లో తెప్పించుకుని, రంగు నచ్చలేదనో సైజు చాలలేదనో తిప్పి పంపినవన్నీ అక్కడికే చేరతాయి. మళ్లీ సర్ది అమ్మడం కంటే తగలబెట్టడమే కంపెనీకి చవక. ఎవరూ ఏరుకుని తొడుక్కోకుండా ముందు నిలువునా కోయాలి. పిల్లలకు స్వెట్టరు కొనలేని తల్లులే అక్కడ కొత్త స్వెట్టర్లు కోస్తారు. కోసినవీ, ప్లాస్టిక్ సంచులూ, అట్టపెట్టెలూ వెనక గొయ్యిలో కాలతాయి. ఆ నల్లటి పొగ తిన్నగా కూలీల గదుల మీదికే పోతుంది. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి!

బ్లేడు ఎవరూ పట్టుకుపోకుండా కంట్రాక్టరు దాన్ని ఉక్కుతీగతో మణికట్టుకు తగిలిస్తాడు. ఆ కొక్కెం రెండు చేతులా నొక్కితే గాని ఊడదు. అందుకే పని దిగాక ఒకరి కొక్కెం ఒకరు విప్పుకుంటారు.

ఆ సాయంత్రం అందరూ కుళాయి దగ్గర పోగయ్యారు. ఇంకొక్క రోజు ఆ పొగ పీలిస్తే వదిన దక్కదని డాక్టరు చెప్పేశాడు. ఆమె ఆయాసం గది బయటికి వినిపిస్తోంది.

"ఎండదెబ్బ అంటాడా ఆ కంట్రాక్టరు! పొగ మింగి పడిపోయింది," అన్నాడు గొయ్యికి నిప్పుపెట్టే తాత. "నేనింక అగ్గిపెట్టె ముట్టను."

"నువ్వు కాకపోతే ఇంకొకడు ముట్టుకుంటాడు. కోస్తేనే కదా కాల్చేది? కోతే ఆపాలి," అంది పెట్టెలు విప్పే అట్టలక్క.

పిరికమ్మ పక్కనే నిలబడి కోసే పిన్ని గయ్‌మంది. "మా వాడు ఈ కంపెనీ బండి మీదే తిరుగుతున్నాడు. వాడి నోటికాడి కూడు పోతే నువ్వు పెడతావా?"

"వాడు తిప్పి తెచ్చేవే కదా పిన్నీ మన ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి!" అంది అట్టలక్క.

చాలాసేపు తగువు పడ్డారు. చివరికి అట్టలక్క పిరికమ్మ వైపు తిరిగింది. "బల్ల మొదట్లో నిలబడేది నువ్వే. నీ చెయ్యి ఆగితే మా చేతులూ ఆగుతాయి."

"ఆగకపోతే?" అంది పిరికమ్మ.

మర్నాడు పొద్దున గుమ్మంలో కంట్రాక్టరుతో పాటు ఇద్దరు పోలీసులున్నారు. ఎవరో ఉప్పందించారు. పిన్నేనేమో!

మొదట పసిపిల్లల స్వెట్టరు వచ్చింది, పసుపురంగుది. ఆమె బ్లేడు వదిలేసింది. చెయ్యి ఎంత వణుకుతోందంటే, వేలాడే బ్లేడు బల్లకు టకటకా కొట్టుకుంది.

"ఏయ్, చేతికేం రోగం?" అన్నాడు కంట్రాక్టరు.

పిరికమ్మ తన మణికట్టు పిన్ని ముందుకు చాపింది. పిన్ని తలెత్తకుండా కోస్తూనే ఉంది. ఒక చొక్కా కోసింది, ఇంకొకటి కోసింది. పోలీసు బూట్లు దగ్గరికొస్తున్నాయి.

"పిన్నీ..."

పిన్ని చెయ్యి ఆగింది. "భయంగా ఉందే," అంది గొంతు తగ్గించి.

"నాకూ భయమే."

పిన్ని రెండు చేతులా కొక్కెం నొక్కింది. తర్వాత తన మణికట్టు అవతలి మనిషికి చాపింది. బల్ల పొడుగునా చేతులు చాచుకున్నాయి. కొక్కేలు ఊడి బ్లేడ్లు రాలుతుంటే కంట్రాక్టరు ముఖం పాలిపోయింది.

మొదలుపెట్టింది పిరికమ్మేనని ఆమెను వ్యాను ఎక్కించారు. కిటికీలోంచి చూసింది. గొయ్యి మీద పొగ లేదు. తాత చేతులు కట్టుకుని గట్టున కూర్చున్నాడు. గేటు దగ్గర వాపసు సరుకుతో బండ్లు బారులు తీరి ఉన్నాయి. అన్నిటికంటే ముందున్నది పిన్ని కొడుకు బండి.

"దారివ్వరా!" అని పోలీసు అరిచాడు.

పిన్ని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. "బండి తియ్యకు నాన్నా!"

వాడు తల్లిని చూశాడు, వ్యానులో మనిషిని చూశాడు. బండి తాళం పీకి జేబులో వేసుకున్నాడు.