వెలి తీసిన మాట

బూడిదనీళ్లలో నానిన బిషప్పుగారి పూజావస్త్రాన్ని హవీజ్ రాతిమీద బాదుతోంది. చలికి పగిలిన వేళ్లు మండుతున్నాయి. ఏటిలో పడవ కనిపిస్తే ఇప్పటికీ ఆమె చేయి ఆగిపోతుంది. తెడ్డు వేస్తున్నది తన మొగుడు ఓస్మండ్ కాదని తెలిశాక మళ్లీ బాదుతుంది.

ఓస్మండ్ తన తల్లిని పూడ్చడానికి జాగా అడిగితే, బదులుగా అతని పడవ ఇమ్మన్నారు బిషప్పు మనుషులు. "శవాల్ని కూడా పీక్కు తింటున్నాడు వీడు!" అని ఓస్మండ్ చర్చి గుమ్మంలోనే అరిచాడు. ఆ ఆదివారమే బిషప్పు కొవ్వొత్తి ఆర్పి అతన్ని వెలివేశాడు. అతనికి నిప్పు ఇచ్చినవాళ్లకూ అదే గతి అన్నాడు. ఓస్మండ్ కొండల్లోకి, సీసం గనులకు పోయాడు. ఎప్పటికైనా బిషప్పు కాళ్లమీద పడే సందు దొరక్కపోతుందా అని హవీజ్ ఆ మనిషి మురికే ఉతుకుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం బిషప్పు భవంతి ముందు కేకలు లేచాయి. అతని వల్ల పచ్చికబయళ్లు పోగొట్టుకున్న నేతగాళ్లు, కొలువులు పోయిన పూజారులు తలుపులు బద్దలు కొడుతున్నారు. పెరటిదారిన బిషప్పు రొప్పుతూ రేవులోకి వచ్చాడు. నెత్తిన టోపీ లేదు.

"ఏమే, నీ పైబట్ట, ముసుగు ఇటివ్వు. తొందరగా!"

"ముందు నా మొగుడి వెలి తీసెయ్యండి దొరా. పడవ ఓస్మండ్."

"ఎవడు వాడు?"

"మీరే కదయ్యా కొవ్వొత్తి ఆర్పింది!"

"సరే, తీసేశాను పో."

"అట్లా కాదు. వేసిననాడు ఎంత నిదానంగా వేశారో అంత నిదానంగా తియ్యండి."

చెయ్యెత్తి అతను లాటిన్‌లో మంత్రం చదివాడు. ఆమె పైబట్ట, ముసుగు విప్పి ఇచ్చింది.

పొద్దువాలుతుండగా పక్కరేవు మాబెల్ పరుగున వచ్చింది. "విన్నావా? రేవు దాటబోతుంటే బిషప్పుని నేతగాళ్లు ఆనవాలు పట్టారంట. ఏట్లోకి దిగినోడు మళ్లీ పైకి రాలేదు. నెత్తిన ఆడదాని ముసుగంట!"

హవీజ్ ఏటివైపు చూసింది. "పోయేముందు ఓస్మండ్ వెలి తీశాడు."

"ఎవరు విన్నారు?"

"నేను విన్నాను."

"నువ్వు వింటే ఎవరు నమ్ముతారే పిచ్చిదానా?"

"మా ఆయన నమ్మితే చాలు."

బార్లీరొట్టె గుడ్డలో కట్టుకుని, ముసుగులేని నెత్తితోనే ఆమె కొండదారి పట్టింది.

చాకలిదాని వేషానికి నప్పవని బిషప్పు విప్పేసిన ఎర్రపట్టు చెప్పులు తడిరాతి పక్కన ఉండిపోయాయి. లోపల ఆ బరువైన పాదాల గుంటలు ఇంకా పూడలేదు.