నడుమ పోయిన 'మ'

"నూరాలజిస్ట్" అని వీరాంజనేయులుగారికి నూటికి నూరుపాళ్ళూ వినిపించింది. పక్కింటి అమెరికా ఆవిడ చెప్పింది మాత్రం "నూమరాలజిస్ట్" అని. ఆవిడ మాట్లాడేటప్పుడు సగం అక్షరాలు నములుతుంది, సగం మింగుతుంది. ఆ పూట మింగుడుపడింది నడుమనున్న 'మ'. పైగా మంచుకి ఆయన చెవుల మీదుగా మఫ్లర్ చుట్టుకుని ఉన్నారు. అలా అంకెల మనిషి కాస్తా నరాల డాక్టరైపోయింది.

అది 1981 మార్చి. లెక్కల మేష్టారుగా రిటైరైన వీరాంజనేయులుగారూ, భార్య వసుమతిగారూ అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో కొడుకు రామమోహన్ ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. డిసెంబరు నుంచి ఆవిడ కుడిచెయ్యి ఆవిడ అంకెలో ఉండటం లేదు. పట్టుకుంటే చాలు, కప్పు సాసర్లో టకటకలాడుతుంది.

"చలికి," అంటారావిడ. కోడలు రేణు గ్లవ్స్ కొంది. కొడుకు హీటర్ పెంచాడు. ఇంట్లో వేడి పెరిగింది, వణుకు తగ్గలేదు.

వసుమతిగారి తండ్రికీ ఇలాగే మొదలైంది. మూడేళ్ళకి అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేకపోయాడాయన. ఆ సంగతి భార్యాభర్తలిద్దరికీ గుర్తే. ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

"అబ్బాయికి చెప్పకండి. చెప్తే వాడు రోజూ నా చేతికేసే చూస్తాడు," అన్నారావిడ.

"చెప్పను. రెండు వీధుల అవతల నరాల డాక్టరుందిట. నడిచి వెళ్ళొద్దాం, రా."

తలుపు తీసిన లవీనియా క్రోథర్స్‌కి తొంభై ఒక్కేళ్ళు. ఇంటికి బోర్డు లేదు, లోపల మందుల వాసన లేదు.

"రిటైరై ఉంటుంది," అన్నారు మేష్టారు భార్య చెవిలో.

లవీనియా కాగితం తీసి, పూర్తి పేరూ పుట్టిన తేదీ అడిగింది.

"చూశావా, ఇక్కడి డాక్టర్లంతా ముందు ఇవే అడుగుతారు."

లవీనియా తండ్రి ఒహాయోలో సమాధిరాళ్ళు చెక్కేవాడు. పేరు రాతికి సరిగ్గా మధ్యన కూర్చోవాలంటే ముందు అక్షరాలు లెక్కపెట్టాలి. ఎనిమిదో ఏట నుంచి ఆ పని లవీనియాది. పేరు కింద రెండు తేదీలు, ఒకటి రాక, ఒకటి పోక. లెక్కపెట్టగా లెక్కపెట్టగా పేర్లకీ తేదీలకీ ఏదో చుట్టరికం కనిపించిందామెకి. పాతికేళ్ళ వయసులో అక్షరానికో అంకె కట్టి చిన్న పుస్తకం అచ్చు వేయించింది. అప్పటికి ఆమె ఎరిగినంతలో ఆ విద్యకింకా స్థిరమైన పేరు లేదు. పేర్ల విద్యకే పేరు లేదు! డెట్రాయిట్ హాళ్ళలో వందలమంది ఆమె ఉపన్యాసాలు విన్నారు. ఆమె మాట మీద పేర్లు మార్చుకున్నారు, కుదిరిన పెళ్ళిళ్ళు మానుకున్నారు. ఊరందరి పేర్లూ మార్చి తాను పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు ఆ వేళ్ళే 'వసుమతి'ని ఇంగ్లీషు అక్షరాల్లో కూడుతున్నాయి. ఇరవై అయిదు. రెండూ అయిదూ కలిపి...

"సెవెన్," అంది లవీనియా.

"ఏడు అంటోంది," అన్నారు మేష్టారు.

"ఏడవడం తర్వాత. ముందు జబ్బేమిటో చెప్పమనండి."

"ఆ ఏడుపు కాదే, అంకె. పదికి ఏడు వేసిందేమో. ఫస్టు క్లాసే."

మీ చేత్తో పేరు రాసి చూపించమంది లవీనియా. వసుమతిగారికి ఇంగ్లీషు రాయడం రాదు. చేసంచీలోంచి రామకోటి పుస్తకం తీసి ఇచ్చారు. లవీనియా అద్దాలు సర్దుకుంది.

"అంతా ఒకటే మాటలా ఉంది?"

"ఒకటే పేరు. దేవుడి పేరు. కోటిసార్లు రాయాలి," అన్నారు మేష్టారు.

"రాస్తే ఏమవుతుంది?"

ఆయన భార్యని అడిగారు.

"ఏమీ అవక్కర్లేదని చెప్పండి," అన్నారావిడ.

లవీనియా పేజీలు తిప్పింది. మొదటి పేజీలో శనగలంత అక్షరాలు. జనవరి దాటేసరికి పెసలంత. ఆఖరి పేజీలో ఆవాలంత, వరస చివరికి వచ్చేసరికి అవీ నలిగిపోయాయి. ఆ లిపి ఆమెకి తెలియదు. ఆ చిక్కిపోవడం మాత్రం తెలుసు.

చెల్లెలు ఆల్మా సంతకం ఇలాగే చిక్కిపోయింది. చెయ్యి వణుకుతోందని వచ్చి చెప్పుకుంటే, "నీ పేరులో బలం లేదు" అని లవీనియా చివర ఒక హెచ్ తగిలించింది. అక్కని నమ్మి ఆల్మా ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. 1931లో కాలు పట్టుతప్పి మెట్ల మీంచి పడి చనిపోయింది. ఆ హెచ్ కూడా రాతి మీదికెక్కింది.

లవీనియా కూడిన కాగితం మడిచేసింది. "నేనింక లెక్కపెట్టను. వెంటనే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. మీ అబ్బాయికి ఇవాళే చెప్పండి."

ఈసారి మేష్టారు విన్నది అచ్చంగా ఆమె అన్న మాటే. డాక్టరే ఇంకో డాక్టరు దగ్గరికి పొమ్మంటోందంటే కేసు పెద్దదే. ఇంటికి రాగానే, అమ్మని నరాల డాక్టరుకి చూపించాలని కొడుకుతో అన్నారాయన.

"ఎవరు చెప్పారు నాన్నా?" అన్నాడు రామమోహన్.

"నూరాలజిస్ట్ చెప్పిందిరా, నూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళమని."

"అదేంటి, నాకర్థం కావట్లేదు," అంటూనే కొడుకు ఫోన్ తీసి అపాయింట్‌మెంట్ బుక్ చేశాడు.

పార్కిన్సన్స్ అని తేలింది. తొందరగా వచ్చారు, మాత్రలు పనిచేస్తాయి అన్నాడు డాక్టరు. ఆమె తండ్రి కాలంలో ఆ మాత్రలు లేవు. మే నెలకి కప్పు సాసర్లో కుదురుగా కూర్చుంది.

ఆ నెలలోనే ఒక ఆదివారం రేణు లవీనియాని భోజనానికి పిలిచింది.

"డాక్టర్‌గారూ, మీరు ఎక్కడ ప్రాక్టీస్ చేసేవారు?" అని అడిగాడు రామమోహన్.

లవీనియా చెంచా కింద పెట్టింది. "నేను డాక్టర్ని కాదే. నూమరాలజిస్ట్‌ని."



"నూ... మ... రా," అని మేష్టారు ఒక్కొక్కటే కూడబలుక్కున్నారు. కాగితం తెప్పించి రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి రాసి, పైదాంట్లో 'మ' చుట్టూ సున్నా చుట్టారు. "పక్కింటావిడ మింగింది, నేను వినలేదు. అదీ జరిగింది."

"అయితే మామయ్యగారూ, మీరు అత్తయ్యని అంకెలావిడ దగ్గరికి తీసుకెళ్ళారా?" రేణుకి నవ్వాగలేదు.

"అందుకేనా ఏడు అంది," అన్నారు వసుమతిగారు.

ఎందుకు నవ్వుతున్నారో లవీనియాకి తెలియలేదు. రామమోహన్ కాగితం చూపించి, అన్నీ విడమరిచి చెప్పాడు. ఆమె ఆ రెండు మాటలకేసీ చూస్తూ ఉండిపోయింది. నవ్వలేదు.

"అరవై ఆరేళ్ళలో తప్పు విని నా గుమ్మమెక్కింది మీరొక్కరే," అంది. "నా చెల్లెలు సరిగ్గానే వింది."