తెరుచుకోని ఒక్క ఫోటో

ఓపికమ్మ పొద్దున్నే స్టూడియో వెనక గది తలుపు తీశాక ముందు నేల చూస్తుంది, ఆ తర్వాతే లైటు వేస్తుంది. ముందురోజు తెరుచుకోని ఫోటో ఫైలు ఏదైనా కంప్యూటర్లో మిగిలిపోతే, అందులో ఉన్నది మెల్లగా గదిలోకి వచ్చేస్తుంది మరి. మొన్నటికి మొన్న సముద్రపు ఒడ్డున తీసిన పెళ్ళి ఫోటో ఒకటి మొరాయిస్తే, తెల్లారేసరికి బల్ల కింద చీలమండల లోతు ఉప్పునీళ్ళు. తుడిచి తుడిచి నడుం పడిపోయింది. ఫైలు తెరుచుకుందంటే మాత్రం బయటికొచ్చినవన్నీ బుద్ధిగా ఫోటోలోకి వెళ్ళిపోతాయి.

"ఇవాళ లోపలికి రావచ్చా అమ్మా?" అని యజమాని చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోంచే అడిగాడు.

"రండి, పొడిగానే ఉంది."

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. మొండికేసిన ఫైలు ముందు విసుక్కోకుండా గంటలకొద్దీ కూర్చుంటుంది కాబట్టి ఓపికమ్మ, అంతే.

పదిన్నరకి ఒక జంట వచ్చింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. అతని భార్య గోడ పట్టుకుని, అడుగు ఆనిందో లేదో చూసుకుంటూ నడుస్తోంది. కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకున్నాక ఆమే మాట మొదలుపెట్టింది.

"మా బాబు ఫోటోలు ఆల్బం చేయాలండీ. ఆదివారం లోపల. మా వదినకి ఇవ్వాలి."

మెకానిక్కు మెమరీ కార్డు బల్లమీద పెట్టాడు. "ఎక్కడ పెట్టినా ఇవి తెరుచుకోవట్లేదు. పాడైపోయాయంటారా?"

"చూద్దాం. అప్పటిదాకా ఫార్మాట్ చెయ్యమని ఎవరు చెప్పినా చెవిన పెట్టకండి." ఓపికమ్మ ఎప్పట్లాగే ముందు కార్డులో ఉన్నదంతా రెండు చోట్ల దాచింది. నూట ఎనభై ఏడు ఫైళ్ళు. ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఒక్కొక్కటే తెరవబోయింది. ప్రతిదానికీ ఒకటే జవాబు: ఈ ఫైలు తెరవడం కుదరదు.

ఈలోపు గదిలో పాలవాసన మొదలైంది. దాని వెనకే పౌడరు వాసన, ఆరీ ఆరని గుడ్డల వాసన, ఎక్కడో సన్నటి ఎక్కిళ్ళు.

"పసిబిడ్డ ఫోటోలా?" ముందుగదిలోంచి యజమాని కేకేశాడు. "ఫ్యాన్ తగ్గించమ్మా, జలుబు చేస్తుంది."

ఓపికమ్మ ఫ్యాన్ తగ్గించింది. "కెమెరా ఎవరిదండీ?"

"మా ఆఫీసులో ఒకాయనది. కొత్తగా కొన్నాడు. కొన్నాళ్ళు అడిగి తెచ్చుకున్నా, మళ్ళీ ఇచ్చేశా." మెకానిక్కు తల గోక్కున్నాడు. "పైన చక్రం లాంటిది ఏదో తిప్పిన గుర్తు."

"అదీ సంగతి. మీరు తిప్పినందుకు కెమెరా ఫోటోలని వండకుండా పచ్చిగా, అంటే మామూలు ఫోటోగా మార్చకుండానే దాచింది. మా ప్రోగ్రామేమో ఐదేళ్ళ నాటిది, ఈ కెమెరా పుట్టకముందుది. పాపం, వీటిని ఎప్పుడూ చూసి ఎరగదు." ఓపికమ్మ నవ్వింది. "ఫోటోల్లో ఏ లోపమూ లేదు. దీనికి పోల్చుకోవడం రావట్లేదు, అంతే."

ఆ మాటకి భార్య తలెత్తి చూసింది, మళ్ళీ దించుకుంది.

కెమెరా చేసినవాళ్ళే ఒక మార్పిడి ప్రోగ్రాం ఇస్తారు. పచ్చి ఫైళ్ళని పాత ప్రోగ్రాముకి అర్థమయ్యే రూపంలోకి మార్చిపెడుతుంది. ఓపికమ్మ దాన్ని దింపుకుని, ఫైళ్ళన్నీ వరసలో పెట్టి, మూడు టీలు తెప్పించింది. గంట పడుతుంది.

"ఈ ఆదివారం వదినగారి పుట్టినరోజా?" అని మాటవరసకి అడిగింది.

"కాదండీ." భార్య టీ కప్పుని రెండు చేతులా పట్టుకుంది. "కాన్పైన రోజే నాకు స్పృహ పోయింది. నలభై ఏడు రోజులు. లేచాక కూడా కాళ్ళూ చేతులూ నా మాట వినడానికి ఇంకో నాలుగు నెలలు. అన్నాళ్ళూ మా వదినే, ఈయన అక్క, వాణ్ణి పెంచింది. వాడికిప్పుడు ఏడో నెల. నేనెత్తుకుంటే గుక్కపట్టి ఏడుస్తాడు. అబద్ధమెందుకు, నాకూ ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టే ఉంటుంది. ఆవిడకా పిల్లల్లేరు. అందుకని ఆదివారం ఊయలా బట్టలూ పంపించేసి, వాణ్ణి ఆవిడ దగ్గరే ఉంచేద్దామనుకున్నాం."

"అనుకున్నాం కాదు, అనుకున్నావు," అన్నాడు మెకానిక్కు, గోడకేసి చూస్తూ.

"ఆవిడ చేసినదానికి ఇంకేం ఇవ్వగలను నేను?"

ఓపికమ్మ తెర వైపు తిరిగింది.

మార్పిడి పూర్తయింది. ఫోటోలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆ నలభై ఏడు రోజుల్లోనూ పిల్లాడు: నిద్రలో మూతి తిప్పుతూ, వదిన ఒళ్ళో స్నానం చేస్తూ, దుప్పటిలోంచి ఒక్క కాలు బయటపెట్టి. భార్య లేచాక చూసుకుంటుందని రోజూ తీశాడతను. ఫోటో తెరుచుకున్న కొద్దీ గదిలోంచి పౌడరు వాసన పోయింది, గుడ్డల వాసన పోయింది, ఎక్కిళ్ళు ఆగిపోయాయి. భార్య అన్నీ చూసింది. "బాగున్నాడు," అంది, పక్కింటి పిల్లాణ్ణి చూసి అన్నట్టు.

మెకానిక్కు ముఖం చిన్నబోయింది.

"ఒక్కటి మాత్రం తెరుచుకోలేదు," అంది ఓపికమ్మ. కార్డులోంచి మళ్ళీ తెచ్చి చూసింది, అదే తీరు. "దీని సైజు మిగతావాటిలో సగం కూడా లేదు. రాస్తుండగా మధ్యలో ఆగిపోయింది."

అతను వంగి తేదీ చూశాడు. "ముప్పై ఒకటో రోజు. ఆసుపత్రిలో నర్సమ్మ ఐదు నిమిషాలు లోపలికి వదిలిందండీ నన్ను, బాబుతో సహా. వాణ్ణి మా ఆవిడ పక్కన పడుకోబెట్టి తీశాను. తీస్తుండగానే బ్యాటరీ అయిపోయింది. ఆ ఫోటో నేనూ చూడలేదు."

"కంగారుపడకండి. కెమెరా తన తెరమీద చూపించుకోవడానికి ప్రతి ఫైలులో ఒక చిన్న బొమ్మ దాస్తుంది. మిగతాది తెగిపోయినా అది ఒక్కోసారి క్షేమంగానే ఉంటుంది. ఉంది కూడా. బయటికి లాగుతాను." ఓపికమ్మ మౌస్ మీద చెయ్యి వేసింది.

"ఆగండి!"

భార్య తన కుడిచెయ్యి చూసుకుంటోంది. చూపుడువేలి చుట్టూ చర్మం నొక్కుకుపోయి తెల్లబడింది.

"నా వేలు పట్టుకున్నాడు," అంది. తర్వాత, "అబ్బ, ఎంత గట్టిగా పట్టుకున్నాడో!"

"ఆ వేలే," అన్నాడు మెకానిక్కు. "ఐదు నిమిషాలూ వదల్లేదు. నర్సమ్మ వచ్చి విడిపించాల్సొచ్చింది."

ఓపికమ్మ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. "బొమ్మ తెరిస్తే ఈ పట్టు ఫోటో లోపలికి వెళ్ళిపోతుందమ్మా. మీ ఇష్టం."

"వద్దు. కాసేపు వద్దండీ."

ముందుగదిలో యజమాని ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తూ గడ్డం ఎత్తమంటున్నాడు. భార్య ఎడమచేత్తో తన వేలి చుట్టూ గాలిని నిమిరింది, చాలా జాగ్రత్తగా, నిద్రలేస్తాడేమో అన్నట్టు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఓపికమ్మే తన పైటకొంగుతో తుడిచింది. మధ్యాహ్నం దాటింది. అప్పుడు భార్య గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది.

"వదిన దగ్గరికి వెళ్దాం పద," అంది భర్తతో. "ఇప్పుడే. వాడు ఏడిస్తే ఏడవనీ."

పన్నెండు రోజుల తర్వాత ఆల్బం కోసం నలుగురూ వచ్చారు. పిల్లాడు తల్లి చంకలో ఉన్నాడు. వదిన వెంట ఉన్న సంచిలో వాడి సీసాలూ గుడ్డలూ. ఆవిడ సరాసరి వెనక గదికి వచ్చి, ఓపికమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ రోజు వీడు వాళ్ళమ్మ వేలు పట్టుకుని ఇక వదల్లేదమ్మా. నా చేతుల్లోంచి వెళ్ళిపోయాడని కరువుతీరా ఏడ్చాను, దాచడం దేనికి? ఏడ్చి పడుకుంటే, ఏడు నెలల తర్వాత మొదటిసారి ఒళ్ళు తెలీకుండా నిద్రపట్టింది. లేచాక అనుకున్నాను, వీడికి మేనత్తనే కదా, ఆ చుట్టరికం చాలు, ఎక్కడికీ పోదు. చల్లగా ఉండు తల్లీ."

ఓపికమ్మ ఆల్బం రెండు ప్రతులు చేసింది. ఒకటి ఆవిడ చేతిలో పెట్టింది. రెండోది మెకానిక్కు అందుకున్నాడు. సగం ఫైలుని విడిగా ఒక చిన్న కార్డులో వేసి తల్లికి ఇచ్చింది. "బొమ్మ ఎప్పుడు తెరవాలనిపిస్తే అప్పుడు రండి."

వదిన బస్సెక్కాలి, తనే ముందు బయల్దేరింది. పిల్లాడు ఆవిడ వెళ్ళినవైపు చూసి పెదవి విరిచాడు. రెండు చేతులూ అటు చాపాడు. తల్లి ఊపిరి బిగపట్టింది. వాడు ఒక్కసారి గట్టిగా ఏడ్చి, వెనక్కి తిరిగి, ముఖం ఆమె మెడలో దాచుకున్నాడు.

కదిలితే తలెత్తుతాడేమోనని ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. దారికి అడ్డంగా ఉన్నా ఎవరూ ఏమీ అనలేదు. ఓపికమ్మ తలుపు వెయ్యకుండా పట్టుకుని, పక్కనే నిలబడింది.