జల్లెడ పట్టిన మన్ను

ఆ కాలంలో ఆలూరులో ఒక వీధి మొత్తానికి సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లు ఒకటే, అది ఓబులేసుది. పద్దెనిమిదేండ్ల కిందట బళ్లారిలో ఏదో దొర బంగళాలో చూసొచ్చి పట్టుబట్టి కట్టించుకున్నాడు. ఆలూరు బళ్లారి జిల్లా వదిలి కర్నూలు జిల్లాలోకి వచ్చి రెండేండ్లయినా ఆయన గొప్పలు మాత్రం మారలేదు. చుట్టాలొస్తే మంచినీళ్లకన్నా ముందు పాయిఖానా చూపించేవాడు.

అలాంటి పాయిఖానా ఆ వేసవిలో మొండికేసింది. పోసిన నీళ్లు పోయినట్టే పోయి, గుడగుడమంటూ మళ్లీ పైకి వచ్చేవి. తప్పెవరిదో తేల్చడానికి ఓబులేసుకు అరపూట కూడా పట్టలేదు. ఇంటికి కొత్తగా వచ్చింది కోడలు కృష్ణవేణమ్మ ఒక్కతే మరి.

"కాలువ గట్టున పుట్టిన పిల్ల. చెంబు పోసేకాడ బకెట్టు పోస్తాది. దానికి తోడు సబ్బొకటి. ట్యాంకి నిండక ఏమైతాది?" అని భార్య సుబ్బలక్ష్మమ్మతో అన్నాడు, కోడలికి వినబడేటంత గట్టిగా. "రేపట్నించి చెంబు తీసుకోని ఊరి బయట వంకకు పొమ్మను."

కృష్ణవేణమ్మకు అప్పుడు ఆరో నెల. తెల్లవారకముందే ఆ వాగు గట్టున కంపచెట్ల చాటు వెతుక్కుంటూ రాళ్లమీద నడిచి వచ్చి గడపమీదే కూలబడేది. రెండో రోజు జారి మోకాలు చీరుకుపోయింది. మొగుడు శ్రీనివాసులుతో చెప్పుకుంటే, "నాయన మాట గదా" అని ఆవులించాడు. తండ్రి ఎదుటైతే ఆ నోరు ఆవులింతకు కూడా తెరుచుకోదు. ఇట్లాగే నడుస్తూ పోతే కడుపులో బిడ్డకేమవుతుందోనని ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది.

మూడో రోజు ఇళ్లు కట్టే బేల్దారి మహానంది వచ్చి వెదురుబద్దను గొట్టంలోకి దూర్చాడు. అది రెండు మూరలు పోయి ఆగింది.

"చెప్తి కదప్పా, ట్యాంకి నిండిండాది" అన్నాడు ఓబులేసు.

కోడళ్లు మామతో నేరుగా మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. కృష్ణవేణమ్మ తలుపు వెనక నిలబడి అత్తతో అంది: "అత్తా, ముందు మూతబండ ఎత్తి సూడమనండి. నిండుంటే తప్పు నాదే, కాన్పయ్యేదాకా వంకకే పోతా. నిండకుంటే గొట్టం నడాన యాడనో పూడిండాది. నీళ్లు పోస్తే పూడిక కొట్టుకపోతాది గానీ వస్తాదా?"

ఆ మాట మోసే శ్రమ సుబ్బలక్ష్మమ్మకు లేకపోయింది, అందరికీ వినబడింది. మహానంది గడ్డపారతో బండ లేపాడు. లోపల నీళ్లు గొట్టం మూతికి జానెడు కిందనే ఉన్నాయి. ఇంట్లోంచి రెండు బకెట్లు పోయించి చూశాడు. ట్యాంకులోకి చుక్క రాలేదు.

ఇక ఇంటికీ ట్యాంకుకూ మధ్య తవ్వి, ఒక గొట్టం ఊడదీశాడు. దాని నిండా ఎర్రమన్ను, రోట్లో దంచినంత గట్టిగా. మహానంది కాస్త చిదిమి చూశాడు.

"రాయి లేదు, రప్ప లేదు. ఇది జల్లెడ పట్టిన మన్నప్పా."

జల్లెడ పట్టిన మన్ను ఆ ఇంట్లో పాయిఖానా వాకిలి దగ్గర డబ్బాలో ఉంటుంది. చేని నుంచి తెప్పించి, జల్లించి, నింపి పెట్టించేది ఓబులేసే. చేతికి మూడుసార్లు మన్ను, చెంబుకు ఒకసారి, అదీ శుభ్రమంటే, సబ్బు కాదు అనేవాడు. బయట కడుక్కుంటే మన్ను మన్నులో కలుస్తుంది. ఇక్కడ పద్దెనిమిదేండ్లుగా ఇంటిల్లిపాదీ దాన్ని గొట్టంలోకే కడిగారు. తిలాపాపం తలా పిడికెడు. కాకపోతే ఓబులేసు వాటా మూడు పిడికిళ్లు, కోడలి వాటా సున్న.

"సబ్బు కరిగిపోతాది. మన్ను కరగదు" అని మహానంది తల వంచుకుని, లేని పని ఏదో చేయసాగాడు. సుబ్బలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఓబులేసు వంగి గొట్టంలోకి చూశాడు. "మన్ను మంచిదే. గొట్టమే ఇంకా లావుది ఏసుండాల్సింది" అని లోపలికి పోయాడు.

సాయంత్రానికి నీళ్లు గలగలా పారాయి. అయినా పొమ్మన్న మనిషి రమ్మనలేదు కదా, మరునాడు కృష్ణవేణమ్మ చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పటికే అక్కడ ఓబులేసు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలోనూ చెంబే.

"నువ్వు యాడికమ్మా? లోపలికి పో" అన్నాడు, ఎటో చూస్తూ. ఆయన ఆమెతో నేరుగా మాట్లాడడం అదే మొదలు. "నాకు మన్ను లేకుంటే చెయ్యి కడుక్కున్నట్టే ఉండదు. అందుకని నేనే పోతాండా."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆయన గడప దాటాక ఉండబట్టలేక, ఈసారి అత్తను మధ్యన పెట్టకుండానే అంది:

"రాళ్లుండాయి మామా, సూసి పోండి."