కొరమీను చెవుల్లో రాళ్లు

తలలు నడిమికి చీలిన కొరమీనులను చూడగానే రంజాన్ బీకి ఒళ్లు మండిపోయింది. ఆమె బుక్కరాయసముద్రం చెరువు కట్ట కింద చేపలు అమ్ముతుంది. ఆ రోజు తట్టలో ఉన్నవన్నీ కొరమీనులే. ఒక్కదానికీ తల సరిగా లేదు.

"ఏమే నాజ్‌నీన్, ఎవుర్ని అడిగి కోసినావే? తలకాయ లేని చేప ఎవురు కొంటారు?"

కూతురు అనంతపురంలో జువాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. అడిగితే ఒప్పుకోదనే చెప్పకుండా కోసింది.

"చెవుల్లో రాళ్లు తీసినాను మా. అరగదీసి చూస్తే వాటిలో గీతలుంటాయి. ఆ గీతల్ని బట్టి చేప వయసు చెప్పొచ్చు. పొలుసుల్లోనూ ఉంటాయి గానీ, చెరువు ఎండి మేత లేకపోతే పొలుసు మీద దొంగ గీత పడతాది. అందుకే రాళ్లు చూడమన్నారు సారు."

"వయసు తెలుసుకోని పెండ్లి చేస్తావా దానికి?"

తలకాయ పులుసు కోసమే వచ్చే పాత బేరగాళ్లు ముఖం తిప్పుకొని పోయారు. రంజాన్ బీ చేపలన్నీ ముక్కలు కొట్టి, అడిగిన ధరకే ఇచ్చేసింది. ఆ రోజంతా కూతుర్ని తిడుతూనే ఉంది.

మరునాడు సాయంత్రం నాజ్‌నీన్ ఏడుస్తూ ఇల్లు చేరింది. ఏ చేప రాళ్లను ఆ చేప పొడవు రాసిన సీసాలో వేసి, ప్రాజెక్టు గైడు నారాయణ సారుకు ఇచ్చిందామె. ఎవరో పెద్దవాళ్లు వస్తే చూపించడానికి ఆయన అన్నీ ఒకే గిన్నెలో గుమ్మరించాడు. ఏ రాయి ఏ చేపదో ఇక తెలియదు. అడిగితే, "చేపలే కదమ్మా, మళ్లీ తెచ్చుకో" అన్నాడట.

తెల్లారి రంజాన్ బీ బేరం వదిలేసి, కూతురు వద్దంటున్నా వినకుండా ఆమెతో పాటే ఆటో ఎక్కింది. కాలేజీలో నేరుగా నారాయణ ముందుకు వెళ్లి నిలబడింది.

"చేపలే కదా అంటివంట! యాడ్నుంచి ఊడిపడతాయప్పా చేపలు? నా బేరం చెడగొట్టి తెచ్చిన రాళ్లవి. వాటి కోసం నా బిడ్డను నోటికొచ్చినట్ల తిట్టినాను. నువ్వేమో ఇసక మాదిరి కలిపేస్తివి!"

విద్యార్థులంతా చూస్తున్నారు. "పొరపాటైంది, ఏమనుకోవద్దమ్మా" అన్నాడు నారాయణ.

"నాకెందుకు చెప్తావు? పాపకు చెప్పు."

ఆయన నాజ్‌నీన్ వైపు తిరిగాడు. "నాదే తప్పమ్మా."

"ఈసారి సీసాలు నా దగ్గరే పెట్టుకుంటాను సార్" అంది నాజ్‌నీన్.

బయటికొచ్చాక తల్లి మీద విరుచుకుపడింది. "నా మార్కులు ఆయప్ప చేతుల్లో ఉండాయి మా!"

"ఉండనీ. నోరు మూసుకుంటే ఎక్కువేస్తాడా?"

ఆటోలో ఇద్దరూ చెరో పక్కకు తిరిగి కూర్చున్నారు. దిగేటప్పుడు రంజాన్ బీ అంది: "శుక్రారం కొరమీన్లు వస్తాయి. కొయ్యి. కానీ నా ఎదురుగ్గా కొయ్యి. నువ్వు చీల్చిన తీరు చూస్తే నాకు కంపరమైతాంది."